బొమ్మల పీరియడు ఎక్కడి నుంచి వచ్చింది?

ఏ బడి టైంటేబుల్ చూసినా చిత్రలేఖనం అని ఒక గడి ఉంటుంది. లెక్కలకి రోజూ ఒక గడి ఉంటే దీనికి వారానికి ఒకటో రెండో ఉంటాయి. పరీక్షలు దగ్గరికొచ్చాయంటే అన్నిటికన్నా ముందు పోయేది ఆ గడే. ఆ రోజు లెక్కలో సైన్సో చెప్తారు. ఎవరూ పెద్దగా బాధపడరు. "బొమ్మలే కదా, ఇంట్లో వేసుకోవచ్చు" అంటారు.

అయితే ఆ గడి అక్కడికి ఊరికే రాలేదు. చిన్నపిల్లలకి బొమ్మలు ఎందుకు నేర్పాలి అని రెండు వందల ఏండ్లకు పైగా పెద్ద పెద్దవాళ్ళు ఆలోచించారు, వాదించుకున్నారు. కొందరు ఫ్యాక్టరీల కోసం నేర్పాలన్నారు. కొందరు పిల్లల కోసమే నేర్పాలన్నారు. ఈ రెండు జవాబులూ ఇప్పటికీ మన బడుల్లో ఉన్నాయి. అవి ఎట్లా వచ్చాయో తెలిస్తే ఆ ఒక్క గడిని ఏం చేయాలో మనకి తెలుస్తుంది.

బడి కన్నా ముందు

బడిలో చిత్రలేఖనం రాకముందు పిల్లలకి బొమ్మలు రావా అంటే, వచ్చు. మన వాకిట్లో ముగ్గునే చూడండి. చుక్కలు లెక్కపెట్టాలి. వరస తప్పకూడదు. ఒక పక్క గీత ఎట్లా తిరిగిందో రెండో పక్క కూడా అట్లాగే తిరగాలి. ఆరేళ్ళ పిల్ల అమ్మ పక్కన కూర్చుని ఇదంతా నేర్చుకుంటుంది. పుస్తకం లేదు, పరీక్ష లేదు. తప్పు పోతే చేత్తో తుడిచి మళ్ళీ వేస్తుంది.

బొమ్మ వేయడం ఒక విద్య అయితే బొమ్మను చూడటం ఇంకొక విద్య. అది కూడా మనవాళ్ళకి ఉండేది. మన షోలాపూర్‌లో ఉన్న పద్మశాలి కుటుంబాల పెద్దలు చాలామంది నేతపని కోసం, మిల్లుల్లో పని కోసం తెలంగాణ నుంచి వచ్చినవాళ్ళు. ఆ తెలంగాణలో, ఇప్పటి సిద్దిపేట జిల్లాలో చేర్యాల అనే ఊరుంది. అక్కడి నకాషీ చిత్రకారులు పొడుగాటి బట్ట మీద వరసగా కథలు వేసేవారు. వెనక అంతా ఎర్ర రంగు, దాని మీద దేవుళ్ళు, రాజులు, మామూలు జనం. ఒక్కో కులానికి ఒక్కో కథ ఉండేది. పద్మశాలీలకి మార్కండేయ పురాణం. కూనపులి వాళ్ళు ఆ పటం చూపిస్తూ, ఒక్కో బొమ్మ దగ్గర ఆగి కథ పాడేవారు. చదువు రాని పిల్ల కూడా ఎదురుగా కూర్చుని, ఇందులో దేవుడు ఎవరు, ఆయన్ని పెద్దగా ఎందుకు వేశారు, ఈ బొమ్మ తర్వాత ఏ బొమ్మ వస్తుంది అని తెలుసుకునేది. దాన్ని ఎవరూ చిత్రకళ పాఠం అనలేదు గానీ, అది పాఠమే.

పలక మీద గీతలు

బడిలో అందరు పిల్లలకీ గీయడం నేర్పాలి అన్నవాళ్ళలో ముందు చెప్పుకోవలసినవారు స్విట్జర్లాండ్‌కి చెందిన పెస్టలోజీ (1746–1827). ఆయన అనాథ పిల్లలకి, పేద పిల్లలకి చదువు చెప్పారు. మాటలు బట్టీ పట్టడం చదువు కాదు, పిల్లలు ముందు కళ్ళతో చూసి, చేత్తో పట్టుకుని తెలుసుకోవాలి అనేది ఆయన నమ్మకం. 1801లో రాసిన పుస్తకంలో రాయడం కన్నా ముందు గీయడం నేర్పాలన్నారు. అక్షరం కూడా ఒక బొమ్మే కదా! గీత మీద చెయ్యి కుదరని పిల్లాడికి 'అ' రాయమంటే ఎట్లా రాస్తాడు? అందుకని నిలువు గీత, అడ్డ గీత, మూల, వంపు, చదరం ఇట్లా ఒక్కొక్కటే పలక మీద గీయించేవారు. ఆయన దగ్గర పనిచేసిన ఫ్రోబెల్ 1837లో జర్మనీలో కిండర్‌గార్టెన్ మొదలుపెట్టి, పిల్లలతో గళ్ళ పలకల మీద బొమ్మలు గీయించారు.

మన గాంధీగారు కూడా తన ఆత్మకథలో ఇదే మాట చెప్పారు. తన చేతిరాత బాగోలేదని ఆయనకి జీవితమంతా బాధ ఉండేది. పిల్లలు పువ్వుల్నీ పిట్టల్నీ గుర్తుపట్టినట్టే అక్షరాల్ని కూడా ముందు చూసి గుర్తుపట్టాలి, బొమ్మలు గీయడం వచ్చాకే రాయడం మొదలుపెట్టాలి అన్నారు. అప్పుడు చేతిరాత దానంతట అదే అందంగా వస్తుందట.

పెస్టలోజీ ఆలోచన మంచిదే. అయితే ఆ పద్ధతి ఊరూరా పాకేసరికి పిల్లలు పోయి గీతలు మిగిలాయి. క్లాసులో అందరూ ఒకేసారి ఒకే గీత గీయాలి, ఎవరిది తిన్నగా ఉంటే వాళ్ళకి మెప్పు. పువ్వును చూడటం ఎప్పుడు అంటే దానికి టైం లేదు.

ఫ్యాక్టరీకి కావాలి

1851లో లండన్‌లో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. అన్ని దేశాల వస్తువులు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంగ్లండ్ వాళ్ళకి ఒక సంగతి అర్థమైంది. తమ యంత్రాలు గొప్పవే, కానీ తమ బట్టల మీద, పింగాణీ మీద డిజైన్లు ఫ్రాన్సు వాళ్ళవి ఉన్నంత బాగా లేవు. మరుసటి ఏడే ప్రభుత్వం ఒక శాఖ పెట్టి, హెన్రీ కోల్ అనే అధికారి చేతికి ఇచ్చింది. పని తెలిసిన చేతులు కావాలంటే చిన్నప్పటి నుంచే గీయడం నేర్పాలి అన్నారు. నేర్పడం అంటే అచ్చు వేసిన గీతల బొమ్మను చూసి, ఉన్నది ఉన్నట్టు దింపడం.

డికెన్స్ అనే రచయిత 1854లో వచ్చిన హార్డ్ టైమ్స్ నవలలో దీన్ని బాగా వెక్కిరించారు. అందులో ఒక సర్కారు పెద్దమనిషి బడికి వచ్చి, గదిలో పరిచే తివాచీ మీద పువ్వుల బొమ్మలు ఉండొచ్చా అని పిల్లల్ని అడుగుతాడు. సిస్సీ అనే అమ్మాయి, తనకి పువ్వులంటే ఇష్టం కాబట్టి ఉండొచ్చు అంటుంది. నిజం పువ్వుల మీద ఎవరైనా నడుస్తారా, కాబట్టి తివాచీ మీద కూడా ఉండకూడదు అని ఆయన కోప్పడతాడు. ఆ పిల్లకి పువ్వులంటే ఎందుకిష్టమో మాత్రం అడగడు.

అమెరికాలో కూడా ఇట్లాగే జరిగింది. మసాచుసెట్స్ రాష్ట్రంలో బట్టల మిల్లులు ఎక్కువ. అక్కడ 1870లో ఒక చట్టం చేసి బడి పాఠాల్లో డ్రాయింగ్ చేర్చారు. 10,000 కన్నా ఎక్కువ జనం ఉన్న ఊళ్ళలో పెద్దవాళ్ళకి కూడా పరిశ్రమలకు పనికొచ్చే డ్రాయింగ్ ఉచితంగా నేర్పాలన్నారు. నేర్పించడానికి ఇంగ్లండ్ నుంచి వాల్టర్ స్మిత్ అనే ఆయన్ని పిలిపించుకున్నారు.

ఇంగ్లీషు వాళ్ళు ఇదే పద్ధతిని మన దేశానికి తెచ్చారు. మద్రాసులో 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు చిత్రకళ బడి పెట్టారు. కలకత్తాలో 1854లో, బొంబాయిలో జె.జె. స్కూల్ 1857లో వచ్చాయి. మన రాజమండ్రి దామెర్ల రామారావు గారు ఆ జె.జె. స్కూల్లోనే చదువుకున్నారు. ఈ బడులు పెట్టింది ముఖ్యంగా మంచి పనివాళ్ళని తయారు చేయడానికి.

ఆ కాలపు గుర్తు ఒకటి మహారాష్ట్రలో ఇప్పటికీ ఉంది. అదే మనం రాసే డ్రాయింగ్ గ్రేడ్ పరీక్ష. ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ అని రెండు. వస్తువును చూసి గీయడం, జ్ఞాపకం మీద గీయడం, డిజైను, జామెట్రీ, అక్షరాలు రాయడం ఉంటాయి. ఇంటర్మీడియట్‌లో ఏ గ్రేడు వస్తే పదో తరగతిలో 7 మార్కులు, బి వస్తే 5, సి వస్తే 3 కలుస్తాయి. తమాషా ఏమిటంటే, పేరు ఎలిమెంటరీ గానీ, రాసేది హైస్కూలు పిల్లలు. ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకి దాంతో పని లేదు.

ఫ్యాక్టరీ డ్రాయింగును నేను తక్కువ చేయడం లేదు. షోలాపూర్ చద్దరు కప్పుకునే వాళ్ళెవరూ అట్లా అనకూడదు. చద్దరు మీద నెమలి రావాలంటే ముందు ఎవరో ఒకరు గళ్ళ కాగితం మీద ఆ నెమలిని గడి గడి నింపాలి. దాని ప్రకారం అట్టలకు చిల్లులు కొడతారు. ఆ చిల్లుల లెక్కన జకార్డు మగ్గం మీద పోగులు లేస్తాయి. ఒక్క గడి తప్పితే నెమలి ముక్కు వంకర పోతుంది. ఆ చెయ్యికి, ఆ కంటికి దండం పెట్టాలి. నేను అడిగేది ఒక్కటే. ఆ గళ్ళ కాగితం ఆరేళ్ళ పిల్ల ముందు మొదటిరోజే పెట్టాలా?

కంచె మీద బొమ్మలు

ఈ ప్రశ్నను గట్టిగా అడిగినవారు ఫ్రాంజ్ సిజెక్ (1865–1946). ఆయన 1885లో చిత్రకళ చదువుకోవడానికి ఆస్ట్రియా రాజధాని వియన్నాకి వచ్చారు. ఒక వడ్రంగి ఇంట్లో గది తీసుకుని ఉన్నారు. ఆ ఇంటి పిల్లలు ఆయన గదిలోకి వచ్చి, ఆయన రంగులు తీసుకుని బొమ్మలు వేసేవారు. గదికి ఎదురుగా ఒక చెక్క కంచె ఉండేది. వీధి పిల్లలు దాని మీద గీసుకోవడానికి పోటీ పడి తోసుకునేవారు. ఆయన అవన్నీ జాగ్రత్తగా చూశారు. ఈ పిల్లలకి ఎవరూ నేర్పలేదు, అయినా వీళ్ళ బొమ్మలకి ఒక పద్ధతి ఉంది అని ఆయనకి తోచింది.

1897లో ఆయన పిల్లల కోసం ఒక చిత్రకళ తరగతి మొదలుపెట్టారు. ఫీజు లేదు. చూసి దింపడానికి అచ్చు బొమ్మలు లేవు. పిల్లలు తమ మనసులో ఉన్నది రంగుల్లో, కత్తిరించిన కాగితంలో, మట్టిలో చేసేవారు. ఆ తరగతి దాదాపు నలభై ఏండ్లు నడిచింది.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక వియన్నాలో పిల్లలకి తిండి దొరకలేదు. అప్పుడు, 1920లో, ఆ తరగతి పిల్లల బొమ్మలను ఇంగ్లండ్ తీసుకెళ్ళి ప్రదర్శన పెట్టారు. వచ్చిన డబ్బు ఆకలితో ఉన్న పిల్లల కోసం ఇచ్చారు. నిన్నటిదాకా శత్రు దేశం అనుకున్న ఊరి పిల్లల బొమ్మలను ఇంగ్లండ్ జనం డబ్బులిచ్చి చూశారు. ఇంగ్లండ్ టీచర్లలో చాలామంది తాము నేర్పే పద్ధతి గురించి మళ్ళీ ఆలోచించింది అప్పటి నుంచే.

సిజెక్ మీద విమర్శ కూడా ఉంది. తరగతిలో వచ్చిన బొమ్మలన్నీ కొంచెం ఒకే తీరుగా ఉన్నాయని, ఆయన ఇష్టం పిల్లల చేతుల్లోకి దిగిందని కొందరన్నారు. అందులో నిజం ఉంది. ఏమీ చెప్పకపోయినా సరే, టీచరు ఏ బొమ్మను మెచ్చుకుంటే పిల్లలు అట్లాంటిదే వేస్తారు. అది ఏ క్లాసులోనైనా చూడొచ్చు.

శాంతినికేతన్ నుంచి సేవాగ్రామ్ దాకా

మన దేశంలో ఠాగూర్ 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టారు. చెట్ల కింద చదువు, దాంతోపాటు పాట, ఆట, బొమ్మ. 1919లో అక్కడే కళాభవన్ వచ్చింది. దాన్ని నడిపినవారు నందలాల్ బోస్ (1882–1966). ఆయన ఎంత గొప్ప చిత్రకారుడంటే మన రాజ్యాంగం అసలు ప్రతిని అలంకరించింది ఆయనా, ఆయన శిష్యులూ. అంతటివారు ఒకటో తరగతి పిల్లల కోసం కూడా పనిచేశారు. ఠాగూర్ రాసిన బెంగాలీ వాచకం సహజ్ పాఠ్ 1930లో వచ్చింది. అందులో నల్లటి అచ్చు బొమ్మలు వేసింది నందలాల్ గారే. చిన్నపిల్లల పుస్తకమే కదా, ఏదో ఒక బొమ్మ చాలు అని వాళ్ళిద్దరూ అనుకోలేదు.

అక్కడి నుంచి కథ మహారాష్ట్రకి వస్తుంది. 1937 అక్టోబర్‌లో వార్ధాలో గాంధీగారి అధ్యక్షతన విద్య మీద ఒక మహాసభ జరిగింది. ఏడేండ్లు ఉచిత చదువు, అది మాతృభాషలో, ఒక చేతిపనితో కలిపి ఉండాలన్నారు. జాకిర్ హుస్సేన్ గారి కమిటీ తయారు చేసిన పాఠ్యక్రమంలో మాతృభాష, లెక్కలు, సైన్సుతోపాటు చిత్రలేఖనం, సంగీతం కూడా పెట్టారు. మాతృభాష, చిత్రలేఖనం రెండూ ఒకే జాబితాలో ఉన్నాయని మనం గమనించాలి.

ఆ పద్ధతి ప్రకారం వార్ధా పక్కన సేవాగ్రామ్‌లో నడిచిన బడికి 1944లో దేవీప్రసాద్ అనే యువకుడు చిత్రకళ టీచరుగా వచ్చారు. ఆయన శాంతినికేతన్‌లో నందలాల్ గారి దగ్గర చదువుకున్నారు. 1962 దాకా సేవాగ్రామ్‌లో ఉండి ఊరి పిల్లలతో బొమ్మలు వేయించారు, మట్టిపని చేయించారు. పిల్లల బొమ్మలను దాచిపెట్టి, వాటి నుంచి తాను నేర్చుకున్నది తర్వాత పుస్తకంగా రాశారు. ఆయన చెప్పిన మాటల సారం ఇది: బడిలో కళ నేర్పేది చిత్రకారులను తయారు చేయడానికి కాదు, మనుషులను తయారు చేయడానికి. అందం అంటే కాగితం మీద బొమ్మ ఒక్కటే కాదు, గది ఊడ్చుకోవడం, వస్తువులు సర్దుకోవడం, పండగకి తోరణం కట్టడం కూడా.

చిన్నపిల్లల బొమ్మ అట్లా ఎందుకుంటుంది?

వీళ్ళందరూ గమనించిన ఒక విషయం అమ్మానాన్నలకి కూడా పనికొస్తుంది. పిల్లల బొమ్మలు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకే మెట్ల మీదుగా వస్తాయి. రెండు మూడేళ్ళప్పుడు పిచ్చి గీతలు. తర్వాత గుండ్రాలు. ఆ తర్వాత ఒక గుండ్రానికి రెండు కాళ్ళు తగిలిస్తే మనిషి! ఆరేడేళ్ళకి కింద నేల గీత, పైన ఆకాశం గీత వస్తాయి. ఎవరు ముఖ్యమో వాళ్ళు పెద్దగా ఉంటారు. ఇంటి గోడ ఉన్నా లోపల మనుషులు కనపడతారు.

మా తమ్ముడు రెండో తరగతి. వాడు వేసిన బొమ్మలో మా నానమ్మ ఇంటికన్నా పెద్దగా ఉంది. ఇల్లు ఆమె మోకాలి దాకా వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన చూసి "ఇదేం బొమ్మరా, మనిషి ఇంటికన్నా పెద్దగా ఉంటుందా" అని నవ్వారు. వాడు మళ్ళీ నానమ్మని చిన్నగా వేసిచ్చాడు. ఇప్పుడు కొలత సరిగ్గానే ఉంది, కానీ అందులో మా నానమ్మ లేదు. ఎవరో ముసలావిడ ఉంది. చేర్యాల పటంలో దేవుణ్ణి పెద్దగా వేస్తే మనం దండం పెడతాం, రెండో తరగతి పిల్లాడు వేస్తే తప్పు అంటాం.

కొలతలు నేర్పకూడదని కాదు. పది పదకొండేళ్ళు వచ్చేసరికి పిల్లలే "నాది నిజంలాగా రావడం లేదు" అని బాధపడతారు. అప్పుడు వెలుగు నీడ, దూరం దగ్గర, కొలత నేర్పితే సంతోషంగా నేర్చుకుంటారు. అడగకముందే నేర్పితే, నాకు బొమ్మలు రావు అని మానేస్తారు. మా క్లాసులో సగం మంది ఇప్పుడు ఆ మాటే అంటారు. ఒకటో తరగతిలో మాత్రం ఒక్కళ్ళు కూడా అనరు.

ఇప్పుడు మన ముందున్నది

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పదో తరగతి దాకా కళలు అందరికీ ఉండాలని చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 100 మంది కన్నా ఎక్కువ పిల్లలుంటే కళ నేర్పడానికి పార్ట్‌టైం టీచరు ఉండాలంది. ఒకటి నుంచి ఐదు దాకా అట్లా ప్రత్యేకంగా ఎవర్నీ పెట్టలేదు. అంటే పిల్లలు భయం లేకుండా బొమ్మలు వేసే ఐదేండ్లూ వాళ్ళకి చిత్రకళ టీచరు ఉండరు. ఆ భయం మొదలయ్యాక టీచరు వస్తారు, ఆ తర్వాత గ్రేడ్ పరీక్ష, ఆ తర్వాత మార్కులు. వరస తిరగబడింది.

మనలాంటి తెలుగు మీడియం బడుల్లో పిల్లలు తక్కువ, టీచర్లు తక్కువ. చిన్న తరగతుల్లో ఒక్క టీచరే అన్నీ చెప్పాలి. కాబట్టి కొత్త టీచరు కావాలని అడగడం లేదు. ఉన్న గడిని ఉండనిస్తే చాలు. అందులో వారానికి ఒక బొమ్మ చూపించి మాట్లాడించవచ్చు. ఇందులో ఏం కనపడుతోంది? ముందు నీ కన్ను ఎక్కడికి పోయింది? ఎందుకు? పాత చందమామల్లో వడ్డాది పాపయ్య గారు వేసిన ముఖచిత్రాలు ఎంతోమంది ఇళ్ళలో ఉన్నాయి. పటం బొమ్మలున్నాయి, చద్దర్లున్నాయి, బతుకమ్మ ఉంది.

దీంతో ఇంకో లాభం ఉంది. మన చిన్నపిల్లలు వీధిలో మరాఠీ, టీవీలో హిందీ వింటారు. రంగుల పేర్లు అడిగితే రెడ్, బ్లూ అంటారు. మగ్గం దగ్గర మన పెద్దలకి వంకాయ రంగు, కనకాంబరం రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, మామిడిచిగురు అన్నీ వేరు వేరు రంగులు. పేరు తెలిస్తేనే కన్ను ఆ తేడాను పట్టుకుంటుంది. ఒక బొమ్మ ముందు పెట్టి తెలుగులో మాట్లాడిస్తే పిల్లలకి చూపూ వస్తుంది, మాటా వస్తుంది.

ఈ ఏడు వార్షికోత్సవంలో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లల బొమ్మలు హాలు గోడకి పెడదామని నా విన్నపం. ఎవరూ దిద్దకూడదు. కింద పేరు, తరగతి, ఆ బొమ్మ గురించి ఆ పిల్ల లేదా పిల్లాడు తెలుగులో చెప్పిన ఒక మాట రాద్దాం. మొదటి బహుమతి, రెండో బహుమతి వద్దు. చూడటానికి వచ్చే అమ్మానాన్నలూ, తాతయ్యలూ, నానమ్మలూ "ఇదేం బొమ్మ" అనకుండా "దీని సంగతి చెప్పు" అని అడగండి. మిగతాది వాళ్ళే చెప్తారు.